మొదటిసారి నేపాల్ కొండల్లోకి వెళ్తున్నాం: సగం స్వతంత్రంగా ఉండే బృందయాత్రను ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: కావలి టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. వయసు నలభై ఏడు. మావారికి యాభై రెండు, ఆయనకు బి.పి. ఉంది, మందు వాడుతున్నారు, అదుపులోనే ఉంది. ఏళ్ల తరబడి గోడపటం మీద హిమాలయాలను పిల్లలకు చూపిస్తూ వచ్చాను. ఒక్కసారైనా ఆ కొండల మధ్య నా కాళ్లతో నేను నడవాలన్నది నా కోరిక. మేమిద్దరం దేశం దాటడం ఇదే మొదలు. కొండదారుల్లో వరుసగా కొన్ని రోజులు నడవడమూ ఇదే మొదలు. దసరా సెలవుల్లో నేపాల్ వెళ్దామని నిశ్చయించుకున్నాం. మనవాళ్లకు అక్కడ వీసా అక్కర్లేదు, అన్నం పప్పు దొరుకుతాయి, ఖర్చు కూడా మాబోటివాళ్లు మోయగలిగినంతలోనే ఉంటుంది.

ఇప్పటికి మూడు యాత్రల వివరాలు తెప్పించుకున్నాం. మొదటిది ఎవరెస్ట్ బేస్ క్యాంప్. ఇరవై ఐదు మంది బృందం, తెలుగు మాట్లాడే మేనేజరు వెంట ఉంటాడు, విమానం ఎక్కినప్పటి నుంచి తిరిగి దిగేదాకా భోజనంతో సహా అన్నీ వాళ్లే చూసుకుంటారు. రెండోది అన్నపూర్ణ బేస్ క్యాంప్. పొఖరాలో బయలుదేరి ఆరో రోజుకు మళ్లీ పొఖరా చేరుస్తామంటున్నారు. మూడోది ఘోరేపానీ, పూన్ హిల్, ఘాంద్రుక్‌ల మీదుగా సాగే చిన్న నడక. దీన్ని వాళ్లు ‘సెమీ ఇండిపెండెంట్’ యాత్ర అంటున్నారు. పదిమందికి మించని బృందం. గైడు, పర్మిట్లు, కొండ మీద గదులు, పొఖరా నుంచి నడక మొదలయ్యే చోటికి బండి వాళ్లవి. భోజనం మనం కొనుక్కోవాలి, కఠ్మాండూలోనూ పొఖరాలోనూ ఉండే రోజుల్లో మన ఇష్టప్రకారం మనం తిరగాలి, అక్కడిదాకా రానూపోనూ ప్రయాణం కూడా మనదే.

మావారు అడిగేది ఒక్కటే. తిండి పెట్టరు, ఊరు చూపించరు, టికెట్లు తీయరు, అయినా రోజుకు పడే ఖర్చు మిగతా రెండింటికీ దగ్గరగానే ఉంది. మరి మనం డబ్బు కట్టేది దేనికి? నాకు మాత్రం పాతిక మందితో కలిసి ఒకరు పిలిస్తే లేచి, ఒకరు చెప్పినప్పుడు తినే యాత్ర మీద మనసు పోవడం లేదు. అలాగని తోడు లేకుండా పరాయి దేశపు కొండల్లోకి వెళ్లే ధైర్యమూ మాకు లేదు.

మా అత్తగారి భయం వేరు. “మస్తాన్ బాబు అంతటివాడినే కొండ పొట్టన పెట్టుకుంది, మీరెంత?” అంటారు ఆమె. మన సంగం మండలం గాంధీ జనసంఘంలో పుట్టి, 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ జిల్లాలో తెలియనివారు లేరు. పెద్దావిడ భయాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆమెకు సరైన సమాధానం చెప్పి, ఆమె మనసు కుదుటపడ్డాకే బయలుదేరాలనుకుంటున్నాను.

ఈ మూడింటిలో మాకు ఏది తగినది? ఒప్పుకొనే ముందు ఆ సంస్థలను ఏమేమి అడగాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పెన్నా గట్టు, నెల్లూరు

టీచరమ్మ గారికి నమస్కారం. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, విరమణ తర్వాతా నేపాల్ కొండల్లో పెద్ద బృందాలతోనూ చిన్న బృందాలతోనూ నడిచినవాడిని. ధర, వంటమనిషి, తెలుగు మేనేజరు, ఇవన్నీ కాసేపు పక్కన పెట్టి మూడు సంస్థలనూ ఒకే ఒక్క కాగితం అడగండి. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో, ఆ ఊరు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో అందులో ఉండాలి. ఆ కాగితం ఇవ్వలేనివారితో కొండ ఎక్కవద్దు.

ఎందుకంటే మనం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం. 2,500 మీటర్లు దాటిన దగ్గర నుంచి గాలి పలచబడటం ఒంటికి తెలుస్తుంది. ఎంత దృఢంగా ఉన్నవారికైనా ఎత్తు జబ్బు రావచ్చు, వయసుతోనూ కండబలంతోనూ దానికి పని లేదు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి కూడా గడపాలని పర్వత వైద్యులు చెబుతారు. పగటిపూట కాస్త పైకి ఎక్కి దిగిరావడం వల్ల చిక్కు తక్కువ. లెక్కలోకి వచ్చేది నిద్రపోయే ఎత్తు.

ఈ కొలత పట్టుకుని మీ మూడు యాత్రలనూ చూడండి. అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130 మీటర్లు. దారిలో ఛోమ్రోంగ్ సుమారు 2,170, దేవరాలి సుమారు 3,230. ఆరు రోజుల్లో ముగించాలంటే చాలామంది దేవరాలిలో పడుకుని, మరునాటి రాత్రికి బేస్ క్యాంప్‌లో పడుకోబెడతారు. ఒక్క రోజులో 900 మీటర్లు! మధ్యలో 3,700 మీటర్ల దగ్గర మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ ఉంది, అక్కడ ఒక రాత్రి ఆగితే ఒళ్లు సర్దుకుంటుంది. కానీ ఆ రాత్రి కలిపితే యాత్ర ఏడు రోజులవుతుంది, ధర పెరుగుతుంది, పక్క సంస్థ ఆరు రోజులకే తీసుకెళ్తానంటుంది. తక్కువ రోజుల యాత్ర చవకగా కనిపించడం వెనుక ఉన్న సంగతి ఇదే.

ఎవరెస్ట్ వైపు దారి ఇంకా కఠినం. విమానం మనల్ని ఒక్కసారిగా 2,860 మీటర్ల లుక్లాలో దింపుతుంది. నామ్చే బజార్‌లో, అంటే 3,440 దగ్గర, రెండు రాత్రులూ, దింగ్‌బోచేలో, అంటే 4,410 దగ్గర, రెండు రాత్రులూ ఉండటం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. చివరి మకాం గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. అక్కడ మన ఊపిరికి అందే ప్రాణవాయువు నెల్లూరులో అందేదానిలో సగమే. పైగా రద్దీ కాలంలో లుక్లా విమానాలు చాలావరకు కఠ్మాండూ నుంచి కాక నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం తర్వాత వచ్చే మంథలి నుంచి ఎగురుతాయి. మబ్బు పడితే ఆ రోజుకు అంతే. పాతిక మందికి తిరుగు టికెట్లు ఖాయమై ఉన్న యాత్రలో ఒక రోజు విమానం ఆగితే, మేనేజరు కోసేది ఆ విశ్రాంతి రోజునే. ఎక్కువ మందికి ప్రాణం మీదకు వచ్చేది అలాంటి చోటే. మొదటి యాత్రకు దీన్ని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మూడో యాత్రలో అన్నిటికన్నా ఎత్తైన మకాం ఘోరేపానీ, సుమారు 2,860 మీటర్లు. తెల్లవారుజామున 3,210 మీటర్ల పూన్ హిల్ ఎక్కి, పొద్దు పొడిచాక దిగి వస్తారు. ఆ రాత్రి తదపానీలో, మరునాడు ఘాంద్రుక్‌లో, అంటే రోజురోజుకూ కిందికే. ఎత్తు తక్కువ కదా అని చూసేది తక్కువేమీ కాదు. ఆ గుట్ట మీద నిలబడితే 8,167 మీటర్ల ధౌలగిరి, 7,219 మీటర్ల అన్నపూర్ణ సౌత్, ఎవరినీ ఎక్కనివ్వని 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే ఒకే వరసలో కనిపిస్తాయి. నడకలో కష్టం ఉల్లేరి మెట్లు. మూడు వేలకు పైగా రాతి మెట్లు, ఒకదాని ఎత్తు ఒకదానికి ఉండదు.

ఇక మీవారి ప్రశ్న. అది సరైన ప్రశ్న. అటువంటి యాత్రలో డబ్బు కట్టేది తిండికీ ఊరు చూపించడానికీ కాదు, కొండ మీద ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలిసిన మనిషి కోసం. ఊళ్లో మనకు స్వేచ్ఛ కావాలి. పశుపతినాథ్ గుడి దగ్గర గంట కూర్చోవాలా, పొఖరాలోని ఫేవా చెరువు గట్టున ఒక పూటంతా ఊరికే ఉండాలా అన్నది మన ఇష్టం. దానికి మేనేజరు అక్కర్లేదు. కొండ మీద మాత్రం ఒకరి మాట వినాలి. మంచి సగం స్వతంత్ర యాత్ర ఈ రెండిటినీ ఎక్కడివక్కడ ఉంచుతుంది. చెడ్డది దీన్ని తిరగేస్తుంది. ఊళ్లో దుకాణాలన్నిటికీ వెంటబెట్టుకుని తిప్పుతుంది, కొండ మీద మాత్రం ముందు నడిచే నలుగురితో గైడును పంపి, వెనక పడినవారిని వారి మానాన వదిలేస్తుంది.

భోజనం కలపకపోవడం నా లెక్కలో లోపం కాదు. అక్కడి లాడ్జీల్లో గది అద్దె స్వల్పం. వాళ్లకు గిట్టుబాటయ్యేది మనం తినే తిండి మీదే, అందుకే ఉన్న చోటే తినాలని కోరుకుంటారు. పైకి పోయేకొద్దీ సరుకంతా కంచరగాడిద మీదో మనిషి వీపు మీదో రావాలి కాబట్టి ధరలు పెరుగుతాయి. దాల్ భాత్ అడిగితే అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి పెడతారు, అన్నమూ పప్పూ మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మన కడుపుకు అంతకన్నా హితమైనది లేదు. ఎత్తు మీద ఒక్కోసారి ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు మనకు సహించే వెల్లుల్లి సూపు తెప్పించుకోగలగడమే మేలు.

సంస్థను రాతపూర్వకంగా అడగవలసినవి చెబుతాను. మాలో ఒకరు దిగిపోవలసి వస్తే ఆ మనిషితో ఎవరు దిగుతారు, మిగిలినవారితో ఎవరు ఉంటారు? పదిమందికి ఒక్క గైడు ఉంటే ఈ ప్రశ్నకు జవాబు లేనట్టే. సహాయక గైడు తప్పనిసరి. నేపాల్‌లో యాత్రను నిజంగా నడిపే స్థానిక సంస్థ ఏది, గైడుకు లైసెన్సు ఉందా? చాలాసార్లు ఇక్కడ డబ్బు తీసుకునేవారు వేరు, అక్కడ నడిపించేవారు వేరు. బృందం నిండకపోతే యాత్ర రద్దు చేస్తారా, చేస్తే డబ్బు ఎప్పటికి తిరిగి ఇస్తారు? మోతగాళ్లకు బీమా ఉందా, ఒక్కొక్కరి మీద ఎంత బరువు వేస్తారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థ మిగతా విషయాల్లోనూ నిజాయతీగా ఉంటుందని నా నమ్మకం.

దసరా గురించి ఒక హెచ్చరిక. అదే రోజుల్లో నేపాల్‌లో దశైఁ పండుగ. అది వాళ్లకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండుగ. ఆఫీసులు మూతపడతాయి, ఊళ్లకు పోయే జనంతో బస్సులూ దేశీయ విమానాలూ నిండిపోతాయి, గైడులూ మోతగాళ్లూ కూడా ఇంటికి వెళ్లి పెద్దల చేత నుదుట టీకా, అంటే ఆశీర్వాదపు బొట్టు, పెట్టించుకోవాలనుకుంటారు. ముఖ్యమైన రోజులు ఏ తేదీల్లో పడుతున్నాయో చూసుకుని, వాటికి అటో ఇటో బయలుదేరే బృందంలో చేరండి.

మీ అత్తగారికి చెప్పవలసింది ఇది. మస్తాన్ బాబు గారు వెళ్లినది దారీ తెన్నూ లేని మంచుకొండ మీదికి, ఒంటరిగా. మీరు నడవబోయేది ఊరినుంచి ఊరికి వేసిన రాతిబాట. పిల్లలు బడికి పోయేదీ, గాడిదల మీద బియ్యం బస్తాలు వెళ్లేదీ ఆ బాట మీదే. తాళ్లూ గొడ్డళ్లూ పట్టే పని లేదు. అయినా ఆమె భయంలో ఒక నిజం ఉంది, వాతావరణం ఎవరినీ లెక్కచేయదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత అన్నపూర్ణ ప్రాంతంలో మంచుతుఫానుగా విరుచుకుపడింది. 5,416 మీటర్ల థోరోంగ్ కనుమ దగ్గరా, చుట్టుపక్కల కొండల్లోనూ కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. మన బంగాళాఖాతంలో వాయుగుండం పట్టే నెలల్లోనే మీరు వెళ్తున్నారు. “నేడు కదలవద్దు” అని చెప్పే అధికారం గైడుకు ఉందా, ఆ రోజు ఆగిపోతే సర్దుకోవడానికి ఒక ఖాళీ రోజు ఉందా అని తప్పక అడగండి.

జవాబు: బెంగళూరులో కందుకూరు

పెద్దలు చెప్పినదానిలో ఎత్తుల లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బృందం అవసరమా అన్న దగ్గరే నా ఆలోచన వేరు. టీచరమ్మ గారూ, మీరు ఇద్దరున్నారు. పొఖరాలో రిజిస్టరైన సంస్థ ద్వారా ఒక లైసెన్సున్న గైడునూ, సామాను మోయడానికి ఒక మనిషినీ మీకోసమే పెట్టుకుంటే, మీ నడక వేగమే యాత్ర వేగమవుతుంది. మీవారికి ఒక పూట బాగాలేకపోతే ఎనిమిది మంది అపరిచితులకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, అక్కడే ఆగిపోతారు. బృందంలో ఉన్నప్పుడు మనవల్ల అందరికీ ఆలస్యమవుతోందన్న మొహమాటంతో మనుషులు తలనొప్పిని దాచిపెట్టి నడుస్తారు. నేను కళ్లారా చూశాను. ఎంత మంచి గైడైనా చెప్పని నొప్పిని కనిపెట్టలేడు.

2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీయులు గైడు లేకుండా చాలా ట్రెకింగ్ ప్రాంతాల్లో నడవకూడదని నేపాల్ నిబంధన పెట్టింది, కాబట్టి గైడు ఎలాగూ ఉంటాడు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు పర్మిట్ మిగతా విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలైతే, మనతో సహా దక్షిణాసియా కూటమి అయిన సార్క్ దేశాలవారికి 1,000 మాత్రమే. మన రూపాయికి వాళ్ల 1.60 రూపాయలు స్థిరమైన మారకం. ఈ లెక్కలు ముందు వేసుకుని, తర్వాత సంస్థ చెప్పిన ధరను చూడండి. తేడా మరీ ఎక్కువగా ఉంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

జవాబు: ఒంగోలు వైద్యురాలు

బి.పి. మాట వచ్చింది కాబట్టి నేను కలగజేసుకుంటున్నాను. అదుపులో ఉన్న బి.పి.తో మూడో యాత్ర లాంటి నడకకు వెళ్లడం సాధారణంగా సాధ్యమే, అయితే మీవారిని చూసే డాక్టరు గారే ఆ మాట చెప్పాలి. ఎత్తు మీద బి.పి. కొంత పెరగడం సహజం. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీళ్ల మాత్ర వాడుతున్నట్టయితే, చెమటా చలిగాలీ కలిసి ఒంట్లో నీరు తగ్గే అవకాశం గురించి ఆయనతో మాట్లాడండి. చిన్న బి.పి. మిషను వెంట ఉంచుకోండి. మందులు మోతగాడి సంచిలో కాక మీవారి భుజాన ఉండే సంచిలోనే, అనుకున్న రోజులకన్నా వారానికి సరిపడా ఎక్కువగా ఉండాలి.

ఎత్తు జబ్బు తలనొప్పితో మొదలవుతుంది. దానికి వికారమో, అన్నం సహించకపోవడమో, విపరీతమైన నీరసమో, తల తిరగడమో తోడైతే ఆ మనిషి ఇంకొక అడుగు పైకి వేయకూడదు. అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. ఒక గీత మీద మడమకు బొటనవేలు తాకిస్తూ తిన్నగా నడవమనండి. తూలితే మెదడులో నీరు చేరుతున్నదనీ, కదలకుండా కూర్చున్నా ఆయాసమొస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనీ అనుమానించాలి. ఆ రెండింటికీ తెల్లవారేదాకా వేచి చూడటం ప్రాణాంతకం, రాత్రయినా సరే కిందికి దించాలి. పూన్ హిల్ ఎత్తులో, అక్కడి గాలిలో ప్రాణవాయువు మనకు అలవాటైనదానిలో మూడింట రెండు వంతులున్న చోట, ఇంత తీవ్రస్థితి అరుదు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మాత్రం చాలామందికి ఉంటాయి. నిద్రమాత్రలూ మద్యమూ ఆ ఎత్తులో ఊపిరిని మందగిస్తాయి కాబట్టి బృందంలో ఎవరు బలవంతం చేసినా వద్దనండి.

ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది మంచి మందే. కానీ మెడికల్ షాపులో మీరే అడిగి కొనుక్కునేది కాదు. సల్ఫా మందులు పడనివారికి అది కీడు చేయవచ్చు, ఇతర మందులతో దాని పొందిక కూడా చూడాలి.

కాళ్ల సంగతి. మనవారు తిరుమల కొండ నడిచి ఎక్కాం కాబట్టి ఎక్కడికైనా వెళ్లగలమనుకుంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కగలగడం నిజంగా మంచి సాధన. కానీ తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు కూడా లేదు, కాబట్టి అది కాళ్లకు పరీక్ష, ఊపిరికి కాదు. పైగా ఎక్కి, బస్సులో దిగి వస్తాం. పూన్ హిల్ దారిలో మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. కాబట్టి ఉదయగిరి దుర్గమో మీకు దగ్గరలో ఉన్న మరో కొండో ఎంచుకుని, వారానికోసారి ఎక్కడమే కాక నడిచి దిగడం కూడా సాధన చేయండి. వేసుకోబోయే బూట్లతోనే, వీపున బరువుతో.

బీమా పత్రాన్ని సంస్థ చెప్పిన మాట మీద కాక మీరే చదవండి. కొన్ని పాలసీలు ఒక ఎత్తు దాటితే వర్తించవు, కొన్నింటిలో ట్రెకింగే ఉండదు, హెలికాప్టరు ఖర్చు విడిగా రాసి ఉండాలి. అవసరం లేకుండా రోగులను హెలికాప్టరు ఎక్కించి బీమా డబ్బు కాజేసే దందాపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. బీమా సంస్థ అత్యవసర నంబరు మీ ఫోనులో ఉండాలి, మనిషి స్పృహలో ఉండి నడవగలుగుతుంటే ముందు వారికి ఫోను చేయాలి.

జవాబు: మార్కాపురం నుంచి

నేను మాట్లాడేది ఆడవాళ్లకు పనికొచ్చే సంగతులు. టీచరమ్మ గారూ, గదుల గురించి స్పష్టంగా అడగండి. భార్యాభర్తలకు విడి గది ఇస్తారా, లేక ఘోరేపానీలో రద్దీ ఉంటే ఆడవాళ్లను ఒక గదిలోనూ మగవాళ్లను ఒక గదిలోనూ సర్దుతారా? మరుగుదొడ్డి గదిలోనే ఉంటుందా, వరండా చివర ఉంటుందా? రాత్రి చలిలో టార్చి పట్టుకుని వెళ్లవలసి వస్తుంది కాబట్టి ఈ మాట అడగడానికి మొహమాటపడవద్దు. వేడినీళ్లకూ, ఫోను చార్జింగుకూ చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు. ఘోరేపానీ లాడ్జీలో భోజనాల హాలు మధ్య ఇనుప పొయ్యి మండుతూ ఉంటుంది. దాని చుట్టూ కట్టిన తీగల మీద అందరి సాక్సులూ ఆరుతుంటాయి. గదుల్లో మాత్రం వెచ్చదనం ఉండదు. మన జిల్లాల్లో దొరికే స్వెట్టరు ఆ చలికి చాలదు. ఈకలు నింపిన కోటు (డౌన్ జాకెట్), స్లీపింగ్ బ్యాగు సంస్థ ఇస్తుందా, పొఖరాలో అద్దెకు తీసుకోవాలా అని అడగండి.

కంచరగాడిదల గంటల చప్పుడు వినగానే దారికి కొండవైపు ఆనుకుని నిలబడాలి. లోయవైపు నిలబడితే వాటి మీది మూటలు తగిలి పడిపోయే ప్రమాదం ఉంది. మా గైడు మాకు మొదటి గంటలోనే ఈ సంగతి చెప్పి, ఒకసారి నిలబెట్టి చూపించాడు.

ఇద్దరే వెళ్లమన్న తమ్ముడి మాటా బాగుంది. అయినా మొదటిసారి వెళ్లేవారికి సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకునే నలుగురు ఉండటం పెద్ద ఆసరా. ఆ మొహమాటం సంగతి మాత్రం నిజం. తలనొప్పి వస్తే దాచవద్దని భార్యాభర్తలిద్దరూ బయలుదేరే ముందే ఒకరికొకరు మాట ఇచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు: కావలి టీచరమ్మ

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఎత్తుల కాగితం మూడు చోట్లా అడిగాను. మూడో సంస్థ ఆ రోజే పంపింది. సహాయక గైడు ఉంటాడనీ, అక్కడి సంస్థ పేరూ రిజిస్ట్రేషన్ వివరాలూ కూడా రాసి ఇచ్చారు. రెండో సంస్థ “మేడమ్, మేం వందల మందిని తీసుకెళ్లాం, మీకెందుకు ఆ వివరాలు” అన్నారు. మావారు ఆ మాట విన్నాక ఇక డబ్బు గురించి అడగలేదు. బెంగళూరు తమ్ముడు చెప్పినట్టు ఇద్దరమే వెళ్లడం మళ్లీసారికి అనుకున్నాం. అత్తగారికి హుద్‌హుద్ సంగతి కూడా దాచకుండా చెప్పాను. రోజూ సాయంత్రం ఫోను చేస్తేనే ఒప్పుకుంటానన్నారు.

రెండు చిక్కులు మిగిలాయి. పండుగ ముఖ్యమైన రోజులు దాటాక బయలుదేరే బృందంలో చోటుంది, కానీ దానిలో చేరితే నా సెలవులు ముగిసే ముందురోజు కొండ దిగుతాం. ఆ రోజే పొఖరా చేరి, మరునాటి పొద్దున రోడ్డు మీద కఠ్మాండూ వెళ్లి, సాయంత్రం విమానం ఎక్కవచ్చునని సంస్థవారు అంటున్నారు. రెండోది, పాస్‌పోర్టు మావారికి ఇంకా రాలేదు.

జవాబు: పెన్నా గట్టు, నెల్లూరు

పాస్‌పోర్టు గురించి దిగులుపడకండి. భారతీయులు నేపాల్‌కు విమానంలో వెళ్లాలంటే చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని ఉంటే చాలు. మీ వయసువారికి ఆధార్ కార్డు చెల్లదు, విమానాశ్రయంలో ఆపేస్తారు. ఓటరు కార్డులో పేరు, టికెట్టులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా ఇప్పుడే చూసుకోండి. మనవాళ్ల ఇంటిపేర్లు ఒక చోట ముందూ మరో చోట వెనకా ఉండటం వల్ల చిక్కులు వస్తుంటాయి.

విమానం సంగతిలో మాత్రం సంస్థవారి మాట వినవద్దు. పొఖరా నుంచి కఠ్మాండూకు రోడ్డు 200 కిలోమీటర్లే గాని కొండదారి. కొండచరియలు విరిగిపడినా, రోడ్డు పనులు జరుగుతున్నా రోజంతా పడుతుంది, పండుగ తర్వాత రాజధానికి తిరిగి వచ్చే జనం రద్దీ కూడా అప్పుడే. అదే రోజు సాయంత్రం విమానానికి టికెట్టు తీస్తే అది పోయిందనే అనుకోవాలి. కఠ్మాండూలో ఒక రాత్రి ఉండి మరునాడు బయలుదేరేలా తీయండి. ఢిల్లీ మీదుగా చెన్నై చేరి, అక్కడి నుంచి రైలులో కావలి వెళ్లడానికి ఇంకొక రోజు పట్టుకోండి. దానికి సెలవులు చాలవు కాబట్టి ఇప్పుడే రెండు మూడు రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వోద్యోగులు దేశం దాటాలంటే ముందుగా శాఖ అనుమతి తీసుకోవాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. వీసా లేని నేపాల్‌కైనా అది వర్తిస్తుంది. ఆ ఫైలు కదలడానికి పట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకుని, అనుమతి చేతికి వచ్చేదాకా సంస్థకు ముందస్తు సొమ్ము మాత్రమే కట్టండి. అనుమతి రాకపోతే అందులో ఎంత తిరిగి ఇస్తారో రాయించుకున్న తర్వాతే ఆ సొమ్ము కూడా పంపండి.